గోదావరి ఒడ్డున అందరి నడక

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, తెలంగాణ ఉత్తర భాగంలోని పెద్దపల్లి జిల్లాలో, సింగరేణి బొగ్గుగనుల నడుమ పెరిగిన రామగుండం, గోదావరిఖని పట్టణాలకు తీరమంటే గోదావరి ఒడ్డే. త్ర్యంబకం వద్ద పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలిసే ఈ నదికి ఇక్కడ ఎగువన ఎల్లంపల్లి వద్ద శ్రీపాద ప్రాజెక్టు, దిగువన సుందిళ్ల బ్యారేజీ ఉండగా, రాజీవ్ రహదారి వంతెన మీదుగా మంచిర్యాల వైపు దాటిపోతుంది. పుష్కర స్నానానికీ, సమ్మక్క సారలమ్మ జాతరకూ తరలివచ్చే జనం కోసం ఈ ఒడ్డున మెట్లు, గద్దెలు, దారులు ఏర్పడ్డాయి గానీ, రోజూ కాసేపు నీటి పక్కన నడవాలనుకునే వృద్ధులు, చేతికర్ర ఊతంతో అడుగు వేసేవారు, చక్రాల కుర్చీలో తిరిగేవారు ఆ ఏర్పాట్లలో పెద్దగా లెక్కకు రాలేదు.

బొగ్గుగనుల ప్రాంతంలో ఈ లోటు మామూలు పట్టణంలో కన్నా ఎక్కువగా కనిపించడానికి కారణం అక్కడి పని స్వభావమే. 1871లో ఇల్లందు పరిసరాల్లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు పొరలను గుర్తించిన తరువాత మొదలైన తవ్వకాలు, 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు పొందిన కంపెనీ చేతుల మీదుగా విస్తరించి, 1960ల నాటికి రామగుండం చేరాయి. స్థానికులు బాయి పని అని పిలిచే భూగర్భ గని పనిలో నడక పెద్ద భాగం. ఉపరితలం నుంచి బొగ్గు పొర దాకా ఏటవాలుగా తవ్విన సొరంగాన్ని ఇంక్లైన్ అంటారు, మనుషులను దించే యంత్రాలు రాక ముందు ఆ వాలు వెంట కాలినడకన దిగి, షిఫ్టు ముగిశాక అలసిన కాళ్లతో అదే వాలు ఎక్కవలసి వచ్చేది. అలా దశాబ్దాలు పనిచేసి విశ్రాంతి పొందినవారిలో మోకాళ్ల అరుగుదల, నడుము నొప్పి సాధారణం. బొగ్గు ధూళి ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుని కణజాలాన్ని గట్టిపరచే న్యూమోకోనియోసిస్ అనే జబ్బు ఉన్నవారికైతే సమతల నేల మీద కూడా ఆయాసం వస్తుంది.

ఇటువంటి వారి నడక సామర్థ్యాన్ని కొలవడానికి వైద్యులు ఆరు నిమిషాల నడక పరీక్షను వాడతారు. సాధారణంగా 30 మీటర్ల పొడవున్న సమతల వరండాలో మనిషిని తనకు వీలైన వేగంతో అటూ ఇటూ నడవమని, ఆరు నిమిషాల్లో ఎంత దూరం వెళ్లాడో, మధ్యలో ఎన్నిసార్లు ఆగాడో, రక్తంలో ప్రాణవాయువు ఎంత తగ్గిందో నమోదు చేస్తారు. ఆగి సేద తీర్చుకోవడానికి ఈ పరీక్షలో అనుమతి ఉండడం గమనించదగినది, ఎందుకంటే సులభమైన నడకదారిని రూపొందించేవారు మొదట మరచిపోయేది ఆగే చోటునే. కిలోమీటరు దారిలో కూర్చోవడానికి ఒక్క అరుగైనా లేకపోతే బలహీనుడికి అది దాటరాని దూరమవుతుంది. కొద్ది అడుగులకొకటిగా చేతులానించే బల్లలు, వాటి మీద వేప నీడ ఉంటే ఆ మనిషే అదే దూరాన్ని విడతలుగా పూర్తి చేయగలడు.

దూరం తరువాత చూడవలసింది కాలికింద నేల. బెల్జియం పరిశోధకులు 1998లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం ఇసుక మీద నడవడానికి గట్టి నేల మీద కన్నా 2.1 నుంచి 2.7 రెట్లు శక్తి ఖర్చవుతుంది; పాదం దిగబడిన ప్రతిసారీ ఇసుకను పక్కకు నెట్టడానికి శరీరం అదనపు శ్రమ చేయవలసి రావడం అందుకు ప్రధాన కారణం. తడి ఇసుకలో రేణువుల మధ్య పలుచని నీటిపొర వాటిని పట్టి ఉంచుతుంది కనుక సముద్రపు అంచున నేల కొంత గట్టిగా ఉంటుంది. నది విషయంలో ఈ సూత్రాన్ని నమ్ముకోవడం ప్రమాదం, ఎందుకంటే గోదావరి అంచున ఇసుకతో పాటు ఒండ్రు కూడా పేరుకుంటుంది, పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఊబిగా ఉండవచ్చు, ఇసుక తవ్విన గుంతలు నీటి కింద మరుగుపడి ఉండవచ్చు. ఇదే ఇసుకకు గనులతోనూ సంబంధం ఉంది: బొగ్గు తీసిన తరువాత భూగర్భంలో మిగిలే ఖాళీలు కూలకుండా నీటితో కలిపిన ఇసుకను పంపి నింపే పద్ధతిని స్టోయింగ్ అంటారు, దానికి సింగరేణి ఎన్నో ఏళ్లు గోదావరి ఇసుకనే వాడింది.

నీటి అంచు కూడా ఒకచోట నిలవదు. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా 2019 నుంచి సుందిళ్ల బ్యారేజీలో నీరు నిలిపిన కాలంలో నది గోదావరిఖని ఒడ్డును తాకుతూ నిండుగా కనిపించింది. 2023 అక్టోబరులో అదే పథకంలోని మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు కుంగి, సుందిళ్లలోనూ నిల్వ ఆగిన తరువాత వేసవిలో మళ్లీ ఇసుక మేటలు బయటపడ్డాయి. అందువల్ల అన్ని వయసులవారికీ పనికివచ్చే దారి ఇసుకలో గాక, గట్టు పైభాగాన, నీరు కనిపించేంత దగ్గరలో, వరద అందనంత ఎత్తులో ఉండడం మేలు.

సముద్రమే చూడాలనుకునేవారికి రామగుండం మీదుగా పోయే రైలు మార్గం కాజీపేట, విజయవాడ దాటి బాపట్ల, చీరాల వరకూ, ఆపైన చెన్నై వరకూ సాగుతుంది. బాపట్లకు 9 కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక తీరంలో నేల వాలు తక్కువ కాబట్టి కాళ్లు తడుపుకోవడం తేలికే అయినా, దారి నుంచి నీటి దాకా ఉన్న పొడి ఇసుక పట్టీయే బలహీనులకు అసలు అడ్డంకి. విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఆ చిక్కు లేదు. రోడ్డు వెంబడి గట్టి కాలిబాట ఉండడంతో ఇసుకలోకి దిగకుండానే అలలను చూస్తూ నడవవచ్చు, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామి దాకా వెళ్లవచ్చు, లోపలి ఇరుకు ద్వారాలు మాత్రం మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టం. పొడి ఇసుకకు చెన్నై మరీనా తీరం వేరొక పరిష్కారం వెదికింది. 2022 నవంబరులో అక్కడ చక్రాల కుర్చీలు నీటి చేరువ దాకా వెళ్లడానికి చెక్కబాటను ప్రారంభించారు. మరుసటి నెలలోనే మాండూస్ తుఫాను అలలకు అది దెబ్బతిని మరమ్మతు చేయవలసి వచ్చింది. వేల్స్ దేశం 2012లో తన తీరమంతటా దాదాపు 1400 కిలోమీటర్ల కాలిబాటను కలిపి తెరిచిందన్న వార్త గొప్పదే, కానీ బొగ్గుగనుల ప్రాంతపు మనిషికి మరీనాలోని ఆ కొద్దిపాటి చెక్కబాటే ఎక్కువ ఉపయోగపడే ఉదాహరణ.

గోదావరిఖనిలో ఇసుక కన్నా పెద్ద అవరోధం స్నానఘట్టం. ఘట్టమంటే మెట్ల వరుస. చేతికర్ర ఉన్నవారికి పట్టుకమ్మీ లేని మెట్లు భయం, చక్రాల కుర్చీకి ఒక్క మెట్టైనా గోడే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, బహిరంగ స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలని నిర్దేశించింది. నిర్మాణ మార్గదర్శకాలు ర్యాంపు వాలు 1:12 మించరాదని, అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలని చెబుతాయి. ఒక్కొక్కటి 15 సెంటీమీటర్ల ఎత్తున్న ఇరవై మెట్ల ఘట్టాన్ని ఊహిస్తే మొత్తం ఎత్తు 3 మీటర్లు, దానికి కావలసిన ర్యాంపు 36 మీటర్లు, మధ్యలో ఆగే సమతలాలు కలిపితే ఇంకా ఎక్కువ. ఈ లెక్క వేయకుండా మెట్ల పక్కన నిట్టనిలువుగా పోసే సిమెంటు వాలు ద్విచక్ర వాహనాలకు పనికివస్తుందేమో గానీ, చక్రాల కుర్చీని అదుపు తప్పిస్తుంది. చూపు లేనివారి కోసం 1965లో జపాన్‌కు చెందిన సెయిచి మియాకె రూపొందించిన, 1967లో ఒకాయామా నగరంలో తొలిసారి పరచిన బొడిపెల పలకలు నేడు మన రైల్వే ప్లాట్‌ఫారాల మీద పసుపు పట్టీలుగా కనిపిస్తున్నాయి. ఘట్టం మొదటి మెట్టుకు ముందు అదే పట్టీ ఒక వరుస వేయడం పెద్ద ఖర్చేమీ కాదు.

సమయం సంగతి కూడా నేల అంత ముఖ్యమే. వేసవిలో రామగుండం ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి కాబట్టి, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు ఎండ ముదరక ముందే, మొదటి షిఫ్టువారు బాయికి బయలుదేరే వేళకే నడక ముగించుకోవడం మంచిది. మాట్లాడగలుగుతూ పాట పాడలేనంత ఆయాసం మధ్యరకం శ్రమకు గుర్తు. మాట కూడా తెగిపోతుంటే ఆగిపోవాలి. వర్షాకాలంలో గోదావరిఖనిలో చినుకు పడకపోయినా, ఎగువన కురిసిన వానకు ఎల్లంపల్లి గేట్లు ఎత్తితే నీటిమట్టం వేగంగా పెరుగుతుంది, అధికారులు హెచ్చరించిన రోజుల్లో గట్టు దిగకూడదు.

గోదావరి పుష్కరాలు 2015 తరువాత మళ్లీ 2027లో వస్తున్నందున ఘట్టాల పనులకు అంచనాలు తయారయ్యే కాలమిదే. ప్రతి ఘట్టానికీ కాకపోయినా పట్టణానికి దగ్గరగా ఉన్న ఒక్కదానికైనా సరైన వాలున్న ర్యాంపు, రెండువైపులా పట్టుకమ్మీ, పైన గట్టు మీద నీడనిచ్చే బల్లలు ఆ అంచనాలో చేరితే పన్నెండు రోజుల యాత్రికులు వెళ్లిపోయాక మిగిలిన సంవత్సరమంతా స్థానికులకు అవి పనికివస్తాయి. మరీనా అనుభవాన్ని బట్టి, వరద తగ్గిన ప్రతిసారీ ర్యాంపు మీద మిగిలే జారుడు ఒండ్రును ఎత్తివేసే పనిని, దాని ఖర్చును కూడా మొదటే రాసుకోవలసి ఉంటుంది.