సంక్రాంతి బొమ్మలు - ఓరుగల్లు సీమ ఎదురుచూపు

మార్గశిరపు చలి ముదిరేసరికి జనగామ చుట్టుపట్ల వడ్లు కల్లాలు దాటి కొనుగోలు కేంద్రాలకు చేరుతవి. మానుకోట ప్రాంతంలో మిరప తోటలు ఎరుపెక్కడానికి సిద్ధమవుతవి. ప్రత్తి చేలలో చివరి ఏరుడు మిగిలివుంటుంది. సరిగా ఆ రోజులలోనే సినిమా హాళ్ళ గోడలపై క్రొత్త గోడపత్రికలు వెలుస్తవి. సంక్రాంతికి ఎవరి బొమ్మ వస్తున్నది, ఏది నిలుస్తుంది, ఏది నాలుగు రోజులకే మూట కట్టుకుంటుంది అన్న చర్చ హోటలు బల్లలనుండి కళాశాల వరండాల దాకా ప్రాకుతుంది. భూపాలపల్లిలో రాత్రి షిఫ్టుకు పోవలసిన గని కార్మికుడు సైతం మొదటి ఆట టిక్కెట్టు కొరకు తోటివానితో షిఫ్టు మార్చుకొనే ఆలోచన చేస్తాడు.

ఈ పోటీ నిన్న మొన్నటిది కాదు. 1961 జనవరిలో రామారావు 'సీతారామ కల్యాణం' వచ్చింది. 1977 జనవరి 14న 'దాన వీర శూర కర్ణ', 'కురుక్షేత్రం' ఒకే నాడు విడుదలై, ఒకే భారతకథను రెండు తెరలమీద నిలిపి, ఊళ్ళను రెండు పక్షాలుగా చీల్చినవి. 2025 జనవరి 14న వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం' పేరులోనే పండుగను పెట్టుకొన్నది.

ఐతే ఇందులో ఒక వింత కలదు. తెలంగాణపు పల్లెకు పెద్ద పండుగ సంక్రాంతి కాదు, దసరా. ఆడబిడ్డలు పుట్టినింటికి వచ్చేది బతుకమ్మకు. క్రొత్త బట్టలు కుట్టించుకొనేది, బంధువులు కలుసుకొనేది దసరాకు. సంక్రాంతికి సకినాలు వండుకొంటారు, పిల్లలు పతంగులు ఎగురవేస్తారు, అంతటితో సరి. కృష్ణా గోదావరి తీరాలలో పంట ఇల్లు చేరి, క్రొత్త అల్లుళ్ళు అత్తవారింట దిగే ముహూర్తానికే చిత్రపరిశ్రమ తన క్యాలెండరును దిద్దుకొన్నది. ఈ ప్రాంతం ఆ క్యాలెండరును అరువు తెచ్చుకొని, అదే తన పండుగ అన్నట్టుగా హాళ్ళు నింపుతున్నది. అరువు తెచ్చుకొన్నందుకు చింత లేదు. కాని ఆ తెరమీద తన మాట, తన మట్టి ఏపాటి కనిపిస్తున్నవని అడిగే హక్కు టిక్కెట్టు కొన్నవానికి ఉండనే ఉన్నది.

ఒకసారి కనిపించినవి. 1943 జనవరిలో, ప్రపంచయుద్ధపు రోజులలో, వాహినీవారి 'భక్త పోతన' విడుదలైనది. కె.వి. రెడ్డికి దర్శకుడుగా అదే తొలి చిత్రం. పోతనగా నటించినవాడు చిత్తూరు నాగయ్య, సంగీతమూ ఆయనదే. రచన సముద్రాల రాఘవాచార్యులది. కావ్యాన్ని రాజుకు అంకితమీయక, నాగలిని నమ్ముకొన్న కవి కథ అది. ఆ కవి బమ్మెరవాడు. నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెరలో పోతన సమాధిని ఇప్పటికీ చూపుతారు. ఆయన ఒంటిమిట్టవాడని కడప పండితులూ, ఓరుగల్లువాడని ఇక్కడి పండితులూ చేసిన వాదం మాత్రం ఏ చిత్రమూ తీర్చగలిగినది కాదు; తీర్చవలసిన అవసరమూ లేదు. సంక్రాంతి వేళకు ఒక సేద్యగాడైన కవిని కథానాయకుని చేసి చిత్రం తీయవచ్చునని, దానిని జనం ఆదరిస్తారని మదరాసులోని నిర్మాతలు ఆనాడు నమ్మినారు. నేడు అట్టి కథ పట్టుకొని పోయినవానికి పండుగ తేదీ దొరకుతుందా అన్నది అనుమానమే.

చిత్రం విడుదలైన కొద్దికాలానికే అదే పాలకుర్తిలో మరొక నిరాకరణ జరిగినది. చాకలి కులానికి చెందిన ఐలమ్మ కౌలుకు తీసుకొని సాగుచేసిన పంటను స్వాధీనపరచుకొనుటకు విసునూరు దేశముఖు మనుషులు వచ్చినారు. ఆంధ్ర మహాసభ సంఘంవారు అండగా నిలువగా ఆమె తన ధాన్యాన్ని తన ఇంటికే చేర్చుకొన్నది. 1946 జులై 4న దగ్గరలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండ్లకు నేలకొరిగినాడు. రాజుకు కావ్యమీయననిన కవి ఊరూ, దొరకు గింజ ఈయననిన స్త్రీ ఊరూ నడచిపోగల దూరంలో ఉన్నవి. మొదటి కథకు ఒక జనవరి దొరికింది. రెండవదానికి?

సాయుధ పోరాటం తెరకెక్కకపోలేదు. కృష్ణచందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' 1980 మార్చిలో వచ్చినది. దాని నిర్మాణంలో ముఖ్యుడైన బి. నర్సింగరావు తరువాత దొరల గడీలో ఆడపాప బ్రతుకును 'దాసి'లో చిత్రించినాడు. నాగార్జున నటించిన 'రాజన్న' 2011 డిసెంబరులో విడుదలైనది. ఆ కథాస్థలం ఆదిలాబాదు సీమ. 1990ల నాటి వరంగల్లు పల్లెలను చూపిన 'విరాటపర్వం' 2022 జూన్ నెలలో, తొలకరి పనుల నడుమ వచ్చినది. ఐలమ్మ అక్కడక్కడ ఒక పాత్రగా మెరిసిననూ, ఆమెయే కేంద్రమై, పాలకుర్తి పలుకుబడితో, పండుగనాడు పెద్ద తెరమీద నిలువదగిన చిత్రం వస్తే అది ఎదురుచూడదగినది.

మానుకోట సంగతి వేరు. ఈ సీమ తెరకు కథకన్న ముందు పాటను ఇచ్చింది. దాశరథి కృష్ణమాచార్య పుట్టినది చిన్నగూడూరు. నేడది మహబూబాబాదు జిల్లా. నిజాం ప్రభుత్వం నిజామాబాదు జైలులో పెట్టగా గోడమీద బొగ్గుతో పద్యాలు వ్రాసిన కవి, 1961లో 'వాగ్దానం', 'ఇద్దరు మిత్రులు' చిత్రాలతో సినిమా పాటకు వచ్చినాడు. రెండవది ఆ ఏటి డిసెంబరు చివర విడుదలైన ఆదుర్తి సుబ్బారావు చిత్రం. 'అగ్నిధార' కవి ఇంత సుకుమారంగా వ్రాయగలడా అని ముక్కున వేలు వేసుకొన్నవారున్నారు. గజళ్ళ అలవాటున్న ఉర్దూ చెవి, సంస్కృతం చదివిన నాలుక రెండూ కలిసిన ఆ లాలిత్యం ఈ నేలలోనిదేనని వారికి తట్టలేదు.

ఆ జిల్లాలో మూడింట ఒక వంతుకు మించి గిరిజనులు. వారిలో లంబాడీలే అధికం. మన చిత్రాలలో లంబాడీ స్త్రీ కనిపించేది అద్దాల లంగాతో ఒక నృత్యగీతంలో మాత్రమే. తండాలో మిరపకాయ ఏరే చేతికి కథ ఉండదా? దాని భాషకు తెరమీద చోటు ఉండదా? 2021 డిసెంబరులో 'పుష్ప' చిత్తూరు యాసను దేశమంతటా వినిపించినది. యాస వల్ల బొమ్మ ఆడదన్న మాట ఇక చెల్లదు.

భూపాలపల్లి బొగ్గు ఊరు. సింగరేణి గనులు, చెల్పూరు విద్యుత్కేంద్రం, ఆవల గోదావరి గట్టున కాళేశ్వరం. బొగ్గు బ్రతుకుపై పేరు తెచ్చుకొన్న 'దసరా' 2023 మార్చి 30న వచ్చినది. దసరా పేరిటి చిత్రం శ్రీరామనవమినాడు విడుదలగుట ఒక తమాషా. అందులో బొగ్గు ధూళి ఉన్నది గాని గని లోపలి మనిషి తక్కువ. ఇక రెండేళ్ళకొకసారి మాఘ పౌర్ణమికి ఇరుగు జిల్లాలోని మేడారం జాతర జరిగినప్పుడు ఏ బొమ్మా ఆ జనం ముందు నిలువదు.

పండుగకు చిన్న చిత్రం నిలువలేదనేవారికి 2024 జనవరి 12 సమాధానం చెప్పినది. ఆనాడు 'గుంటూరు కారం' ప్రక్కన, హాళ్ళ పంపకంలో వెనుకబడి విడుదలైన 'హనుమాన్' ఇంటింటా మాటై నడిచింది. 2025 నవంబరులో వచ్చిన 'రాజు వెడ్స్ రాంబాయి' ఖమ్మం-వరంగల్లు సరిహద్దు పల్లెలోని ఘటనపై తీసిన చిన్న చిత్రం. దానినీ జనమే మోసినారు. జనగామ వంటి పట్టణంలో హాళ్ళు వ్రేళ్ళమీద లెక్కించదగినవి. అగ్ర నటుల చిత్రాలు రెండు మూడు వచ్చినప్పుడు నాలుగవదానికి దొరికేది ఉదయపు ఆట ఒక్కటే. కనుక ఈ చలికాలంలో గోడపత్రికలోని ముఖాలతోపాటు, ఆ ఉదయపు ఆటకు ఏ బొమ్మ వేసినారో కూడ చూడవలసియున్నది. అది రెండవ వారం వరకు నిలిచినదా లేదా అన్నది మొదటి మూడు రోజులలో దానికి వెళ్ళినవారి లెక్కతోనే తేలుతుంది.