కడలి యడుగున మన యడవి యాకు

గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినపుడు ఆ నీటిని బిందెలో పట్టి చిల్లగింజతో తేర్చుట మన పెద్దలకు వాడుక. గింజను రాతిమీద నరగదీసి, ఆ గంధమును నీటిలో గలిపి, మూతవేసి కదపకుండ నుంచినచో, తెల్లవారునప్పటికి పైన తేటనీరును అడుగున వ్రేలెడు బురదయు నిలుచును. తేటను వంచుకొని బురదను పెరటిలో పారబోయుటయే కాని, అందులో నేమున్నదని యడిగిన యిల్లాలు అరుదు. ఆ ప్రశ్ననే సముద్రము నడిగి, దాని యడుగునుండి బురద నెత్తి చూచినవారి కథను సోదరీమణులకు విన్నవింప దలచితిని.

సముద్రముతో నాకేమి పని యందురేమో. నాకీ తలపు పుట్టినది సముద్రతీరమున గాదు, దమ్మపేటలో. ఈ యూరు 2016 వఱకు ఖమ్మము జిల్లాలో నుండి, నేడు భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. ఒకవంక సత్తుపల్లి, ఒకవంక అశ్వారావుపేట. ఊరిచుట్టు మామిడి, జీడిమామిడి, పామాయిలు తోటలు. వానికావల టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్ల యడవి. మా పెదతల్లిగారు అచ్చట నలువదియేండ్లు కాపురము చేసియు సముద్రమును జూచి యెఱుగరు. మొన్న మాఘమాసమున వారి యింట వ్రతమునకు బోయితిని. భోజనములు అడ్డాకు విస్తళ్లలో. వంటలో కొంచెము జాగు కలిగి, చారు పోసిన విస్తరి ముందు చాలసేపు కూర్చుండవలసి వచ్చినది. పెదతల్లి నవ్వుచు, “చూశావటే అమ్మడూ, ఇంతసేపైనా ఆకు నానలేదు!” అన్నది.

ఆకు నానకుండుటకు కారణము దాని పైనున్న మైనము. తామరాకు మీది నీటిబొట్టు జారిపోవుటకును అదియే కారణము. ప్రతి చెట్టును తన యాకునకు సన్నని మైనపు పూత పూసికొనును. అది లేనిచో ఎండకు లోపలి తడి యంతయు ఆవిరియైపోవును. ఈ మైనము నీట కరగదు, తొందరగా క్రుళ్లదు. ఆకు రాలి, చివికి, మట్టియై, రూపుమాసిన పిదపను మైనపు కణములు ఆ మట్టిని బట్టుకొని యుండును. వానకు మట్టి వాగులో పడును, మైనమును వెంట బోవును.

ఆ ప్రయాణ మెట్టిదో అశ్వారావుపేట ప్రాంతమువారు 2024 జూలై 18వ తేదీన కన్నులార చూచిరి. గుమ్మడవల్లికడ పెదవాగు కట్ట తెగి, ఒక్క రాత్రిలో నీరంతయు దిగువ నున్న వేలేరుపాడు పల్లెలమీదికి దుమికినది. పొలములలోని మెత్తని మన్ను కొట్టుకొనిపోయి, ఇసుక మేటలు మిగిలినవి. ఇసుక బరువు గనుక చేలలో నిలిచినది. మన్ను తేలిక గనుక వాగువెంట గోదావరికి బోయినది. రైతు ఏండ్లతరబడి పెంటయెరువు వేసి మెత్తపఱచిన నేల అది. నష్టపరిహారపు లెక్కలలో ఇల్లు, పశువు, పైరు వ్రాయవచ్చును గాని, పోయిన మన్నును వ్రాయుటకు గడి లేదు.

నాసిక సమీపమున త్ర్యంబకముకడ పుట్టి 1,465 కిలోమీటర్లు నడచిన గోదావరి, దారిపొడుగున నిట్టి మన్నును గైకొని సముద్రమున బడును. అచ్చట నొక వింత జరుగును. నది నీటిలో దినములకొలది తేలియుండగల సన్నపు రేణువులు ఉప్పునీరు తగులగనే యొకదానినొకటి యంటుకొని, బరువెక్కి, క్రిందికి దిగును. మనము బురదనీటిలో పటిక త్రిప్పినపుడు జరుగునదియు నిట్టిదే. కావున బంగాళాఖాతము గోదావరి పాలిట నొక పెద్ద బిందె. భేదమెల్ల, ఆ బిందెను కడిగినవా రెవ్వరును లేరు. ఏయేటి బురద ఆయేటి పొరయై పదివేలయేండ్లకు పైగా అడుగున పేరుకొనుచునే యున్నది.

ఈ బురదను జదువుట మనవారికి క్రొత్త గాదు. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1952వ సంవత్సరమున అమెరికానుండి వచ్చిన ఇ. సి. లాఫాండ్‌గారును, భూగర్భశాస్త్రాచార్యులు సి. మహాదేవన్‌గారును, వారి శిష్యులును ఈ పనికి పూనుకొనిరి. తూర్పుతీరపు సముద్రగర్భ మృత్తికలను గూర్చి మహాదేవన్, పూర్ణచంద్రరావుగార్లు వ్రాసినది 1954లో వెలువడినది. తీరమున కెదుట నీటియడుగున గనబడిన లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ యని పేర్లు పెట్టబడినవి. ఆ బురదలోని ఫొరామినిఫెరా యను సూక్ష్మజీవులపై పి. ఎన్. గణపతిగారును సత్యవతిగారును కలసి వ్రాసిన నివేదిక 1958లో ప్రకటింపబడినది. ఆడుపిల్లకు పుస్తకములచదువే ఎక్కువనుకొను ఆ దినములలో, సముద్రపు బురదను కడిగి పరీక్షింపుమని కూతును పంపగల యిండ్లు ఎన్ని యుండెనో చదువరులే యూహింపుడు.

ఈ జీవి యెట్టిదో కొంత చెప్పవలెను. ఆవగింజకంటెను చిన్నది, ఒకే కణము దాని శరీరము. అయినను సున్నముతో చక్కని గుల్ల కట్టుకొనును. కొన్ని జాతులు నీటిపైభాగమున తేలుచు బ్రతుకును, కొన్ని యడుగున ప్రాకును. తేలునది చచ్చినపుడు దాని గుల్ల మెల్లమెల్లగా దిగి బురదలో జేరును. ఆ బురదను సన్నని జల్లెడలో నీరుపోసి కడిగినచో మన్ను పోయి గుల్లలు మిగులును, రవ్వను జల్లించినట్లే. సముద్రపు పైనీరు ఎంత యుప్పగా నుండెనో ఆ గుల్లలోని ప్రాణవాయువు రకములను బట్టి లెక్కకట్టవచ్చును. నదులు నిండుగా పాఱిన యేండ్లలో తీరపునీరు చప్పబడును, వానలు వెనుదీసిన యేండ్లలో ఉప్పెక్కును. గుల్లకట్టిన జీవి ఆ సంగతి తెలియకయే వ్రాసి పెట్టి పోయినది.

2006వ సంవత్సరమున భారత ప్రభుత్వపు గాస్ హైడ్రేటు అన్వేషణలో భాగముగా ‘జాయిడెస్ రిజల్యూషన్’ అను ఓడ మన తీరమునకు వచ్చినది. వెదకినది ఇంధనమును, దానితోపాటు దొరకినది చరిత్ర. గోదావరి ముఖమున కెదుట, సుమారు 1,270 మీటర్ల లోతున, గొట్టమును దింపి బురదను పొరలు చెదరకుండ పైకి దీసిరి. ఇంచుమించు ఎనిమిదిన్నర మీటర్ల పొడవున్న ఆ బురదకడ్డీలో పదునొకండువేల యేండ్ల కాలము నిలిచియున్నది. సగటున వేయియేండ్లకు మూరన్నరకు మించిన మందము. దీనిని అమెరికాలోని వుడ్స్‌హోల్ సముద్రశాస్త్ర సంస్థలో కామిలో పాంటన్, లివియు జియోసాన్ మున్నగువారు పొరపొరగా పరీక్షించి, 2012లో ఒక వ్యాసమును, 2017లో మఱియొక వ్యాసమును ప్రకటించిరి.

వారు మొదట జూచినది మనము విస్తరిలో జూచిన మైనమునే. కర్బనములో తేలికరకము, బరువురకము అని భేదము గలదు. మద్ది, టేకు వంటి చెట్ల యాకులలో బరువురకము తక్కువ. జొన్న, సజ్జ, చెఱకు, మెట్టనేలల గడ్డి యెండకు తాళునట్టివి గనుక వేఱువిధమున ఆహారము వండుకొనును, వానిలో అది కొంచెమెక్కువ. కావున బురదలోని మైనమును తూచినచో ఆ కాలమున గోదావరి సీమలో చెట్లు హెచ్చో గడ్డి హెచ్చో తెలియును. ఇప్పటికి నాలుగువేల యేండ్లనాడు మొదలుకొని పదునేడువందల యేండ్లనాటివఱకు ఎండకు తాళు మొక్కలు క్రమముగా పెరుగుచు వచ్చినవనియు, ఆ మీదటను తగ్గలేదనియు తేలినది. గుల్లలును ఆ సాక్ష్యమునే చెప్పినవి: గడచిన మూడువేల యేండ్లలో అప్పుడప్పుడు సముద్రపు నీరు మునుపెన్నడు లేనంత ఉప్పెక్కినది. అనగా వానకాలము బలహీనపడినది, మధ్యభారతము ఎండినది.

వాన తగ్గినచో నదిలో బురదయు తగ్గవలె గదా. నేనును అట్లే యనుకొంటిని. కాని బురదకడ్డీ దీనికి విరుద్ధముగా పలికినది. ఎండకాలములు వచ్చినపిదపనే సముద్రమునకు జేరు మన్ను మిక్కిలి హెచ్చినది! ఏలయన, మన దేశమున వాన తగ్గుటయనగా బొత్తిగా ఆగుట గాదు. కురిసిన నాలుగుదినములును కుంభవృష్టియే. పచ్చికమీద బిందెడు నీరు గ్రుమ్మరించినచో నీరింకును; ఊడ్చిన వట్టి వాకిటిమీద గ్రుమ్మరించినచో మన్ను లేచిపోవును. చెట్టు పలుచనైన నేల ఊడ్చిన వాకిలి వంటిది. దీనికితోడు మనుష్యుడు నాగలి పట్టినాడు. మొదట వానలు నేలను బట్టబయలు చేసినవి, పిదప సేద్యము విస్తరించి ఆ కోతను హెచ్చించినది అని శాస్త్రజ్ఞుల నిర్ణయము.

ఇంకొక సంగతి నన్ను రెండుదినములు వదలలేదు. కర్బనములో మూడవరకము కాలక్రమమున తరిగిపోవును. సుమారు 5,730 ఏండ్లకు సగమగును. దానివలన వస్తువు వయస్సు చెప్పుదురు. రానురాను సముద్రమునకు వచ్చిన మట్టిలోని ఆకుశేషములు అప్పటి యాకులవి గాక, నేలలో బహుకాలము దాగియున్న ముదిశేషము లగుచు వచ్చినవట. గాదెలోనుండి క్రొత్తగింజకు బదులు పుచ్చుపట్టిన పాతగింజ రానారంభించినపుడు, చేయి యడుగునకు తగిలినదని యిల్లాలికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇది విని, “అడవినంతయు పోడుకొట్టి కోయవారే పాడుచేసిరి” అను పట్టణవాసులు కొందఱు గలరు. ఆ మాట నేనొప్పుకొనను. ఇటీవలి వేలయేండ్లలో హెచ్చిన బురదలో దక్కను నల్లరేగడి పీఠభూమి పాలు పెరిగినదని ఆ మట్టి ధాతువులే చెప్పుచున్నవి. ఎగువనున్న విశాలమైన చేలను విడిచి, కొండవాలున నాలుగు గుంటలు గొడ్డలితో చేసికొన్న పేదవానిని దోషిగా నిలబెట్టుట న్యాయము గాదు.

ఇంతవఱకు మన్ను ఎక్కువగా పోయిన కథ. ఇప్పటి చిక్కు దానికి తలక్రిందు. నదిమీద జాయక్వాడి, శ్రీరాంసాగరము మొదలగు ఆనకట్టలు వెలసినపిదప బురద జలాశయములలోనే నిలిచిపోవుచున్నది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోని బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావుగార్లు 2004లో ప్రకటించిన వ్యాసమును బట్టి, 1971 – 79 నడుమ గోదావరి ఏటేట సగటున 15 కోట్ల టన్నుల బురద మోసికొనిరాగా, 1990 – 98 నడుమ అది 5.7 కోట్లకు దిగినది. బురద రానిచో డెల్టా యంచు నిలువదు. అల కోయుచునే యుండును, పూడ్చువారు లేరు. 1976 మొదలు 2001 వఱకు గోదావరి డెల్టా యంచున సముద్రము పాలైన నేల, క్రొత్తగా తేలినది పోగా, సుమారు 1,800 హెక్టార్లు. కోరంగి మడయడవులకును, వాని వేళ్లనడుమ పెరుగు రొయ్యపిల్లలకును, బురదలోని పురుగులను తిని బ్రతుకు చేపలకును ఆ మన్నే ఆధారము.

డెల్టాకు కొంచెము ఉత్తరముగా నున్న ఉప్పాడను జరీచీరలవలన మీరందఱు ఎఱుగుదురు. ఆ యూర సముద్రము వీధులకు వీధులనే మ్రింగినది. అచ్చటి కోతకు బురద కొఱత యొక్కటియే గాక తీరపు కట్టడములు, కాకినాడయొద్ద ఇసుకదిబ్బ పెరుగుట మున్నగునవియు కారణములని చెప్పుదురు. కారణ మేదైనను, మగ్గము పెట్టుకొన్న యింటి గోడ కూలినపుడు నేతకత్తె మగ్గమును ఎక్కడికి మోసికొనిపోవలెను?

దమ్మపేటనుండి బయలుదేఱు ముందురాత్రి ఈ కథనంతయు మా పెదతల్లికి చెప్పితిని. ఆమె చెవియొగ్గి విని, బురదకడ్డీ పొడవెంతో రెండుమార్లు అడిగి, “అయితే మా అమ్మమ్మ కుట్టిన విస్తరాకు మైనం కూడా ఆ బురదలో ఉంటుందంటావా?” అన్నది.

“వాగులో పడి ఉంటే ఉంటుంది పెద్దమ్మా. పై పొరల్లోనే, మరీ లోతు పోదు” అంటిని.

ఆమె కొంతసేపు మాటాడలేదు. మఱునాటి యుదయము నేను లేచి చూచునప్పటికి, వ్రతమునాటి విస్తళ్లను వాగుగట్టునకు మోయుచున్న పనిపిల్లను వెనుకకు పిలిచి, కొబ్బరిచెట్టు మొదట గుంటతీయించి వానిని పూడ్పించుచుండెను.