ఎవరి సంత పాతది? ఎవరి చెట్టు పొడుగు?

స్థలపురాణం లేని గుడి మనకెలా ఉండదో, ‘మాదే పాతది’ అనని క్రిస్మస్ సంత జర్మనీలో అలా ఉండదు. పాతది కాకపోతే పెద్దది, పెద్దది కాకపోతే పొడుగుది. ఏదో ఒక గొప్ప చెప్పుకోకుండా ఏ ఊరూ కొట్లు తెరవదు. డిసెంబరులో అటు వెళ్దామనుకునేవాళ్లు ముందు ఈ గొప్పల్ని వడగట్టుకోవాలి. అడ్వెంట్ అనే క్రిస్మస్ ముందరి ఆ నాలుగు వారాలూ జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్సు సరిహద్దు ఊళ్లలో ఏ కూడలిలో చూసినా చెక్క కొట్లే. అన్నీ చూడటం ఎవరి తరమూ కాదు. ఏ రికార్డు కోసం రైలు మారొచ్చో, ఏది ఫొటోలో చూసినా సరిపోతుందో తేల్చుకుంటే డబ్బూ మిగులుతుంది, కాళ్లూ మిగులుతాయి.

పాతదనం పంచాయితీ

డ్రెస్డెన్ వాళ్ల చేతిలో 1434 నాటి కాగితం ఉంది. సాక్సనీ పాలకుడు రెండో ఫ్రెడరిక్ క్రిస్మస్ ముందరి సోమవారం ఒక్కరోజు సంత పెట్టుకోమని ఆ ఏడాది అనుమతిచ్చాడు. అదే ఇప్పటి స్ట్రీట్సెల్‌మార్క్ట్. అక్కడికి రైల్లో గంటలోపే చేరే బౌట్సెన్ మాత్రం 1384 అంటుంది. వెన్సెస్లాస్ రాజు క్రిస్మస్ దాకా శనివారాల్లో సంత జరుపుకొనే హక్కు ఇచ్చాడట. ఫ్రాంక్‌ఫర్ట్‌ది 1393, లైప్‌జిగ్‌ది 1458. వియన్నా వీళ్లందరినీ తోసిరాజని ఏకంగా 1290ల్లోకి వెళ్లిపోతుంది. అయితే వియన్నాకు దక్కింది డిసెంబరు సంత హక్కు. నేడు యాత్రికులు ఎగబడే నగరసభ ముందరి సంత ఆ చోటికి వచ్చింది 1975లోనే. అందుకే వయసు విషయంలో నా ఓటు డ్రెస్డెన్, బౌట్సెన్‌లకే. రెండూ ఒకే రోజు చూసి రావొచ్చు కాబట్టి వాళ్ల తగువు మనం తీర్చనక్కర్లేదు.

తమాషా ఏమిటంటే, ఈ రెండు ఊళ్లలోనూ మొదట అమ్మింది బొమ్మలూ కాదు, దీపాలూ కాదు. మాంసం! క్రిస్మస్ ముందు వారాలు ఉపవాస దినాలు. అవి ముగిశాక పండగ భోజనానికి కావాల్సింది ముందుగా కొనుక్కోవడానికే ఆ సంతలు పుట్టాయి.

వెన్న కోసం పోప్ దాకా

స్ట్రీట్సెల్ అన్నది డ్రెస్డెన్ పండగ రొట్టెకు పాత పేరు. ఇప్పుడు స్టోలెన్ అంటారు. మొదట్లో అది ఉపవాసపు రొట్టె: పిండి, నీళ్లు, ఈస్ట్, కాస్త నూనె. ఉపవాసంలో వెన్న నిషిద్ధం. ఆ చప్పిడి రొట్టె తినలేక సాక్సనీ పాలకులు రోముకు విన్నపాలు పంపారు. చివరికి 1491లో పోప్ ఎనిమిదో ఇన్నోసెంట్ వెన్న వాడుకోవచ్చని లేఖ రాశాడు. దాన్ని ‘వెన్న లేఖ’ అనే అంటారు. అంత తంటాలు పడి తెచ్చుకున్న వెన్నను ఊరు వదులుతుందా? డ్రెస్డెన్ స్టోలెన్ అని పేరు పెట్టాలంటే ఇప్పుడు వంద పాళ్ల పిండికి కనీసం యాభై పాళ్లు వెన్న, అరవై అయిదు పాళ్లు కిస్‌మిస్ పడాల్సిందే. పైన మంచు కురిసినట్టు చక్కెర పొడి. పొత్తిళ్లలో చుట్టిన బాలయేసు ఆకారమని చెబుతారు. మన బేకరీ ప్లమ్ కేకులా మెత్తగా ఉంటుందనుకుంటే మాత్రం నిరాశే. బరువైన రొట్టె ఇది, రెండు మూడు వారాలు నిలవుంటేనే రుచి.

1730లో సాక్సనీ పాలకుడు అగస్టస్ తన సైనిక విన్యాసాల విందుకు 1.8 టన్నుల స్టోలెన్ కాల్పించాడు. దాన్ని కోయడానికి ప్రత్యేకంగా కత్తి చేయించాల్సి వచ్చింది. ఆ ముచ్చటను 1994 నుంచి ఏటా పండగగా జరుపుతున్నారు. రెండో అడ్వెంట్ ఆదివారానికి ముందు రోజు శనివారం, టన్నుల బరువున్న స్టోలెన్‌ను బండి మీద ఊరేగించి, ఆ పాత కత్తి నమూనాతోనే కోసి, ముక్కలుగా అమ్ముతారు. డ్రెస్డెన్‌కు ఒక్క రోజే కేటాయించగలిగితే ఈ శనివారమే పెట్టుకోండి.

పొగ తాగే తాత, తిరిగే పిరమిడ్

అదే సంతలో 14.62 మీటర్ల క్రిస్మస్ పిరమిడ్ నిలబడి ఉంటుంది. 1999లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. కానీ అసలు వింత దాని కింద కొట్లో బల్ల మీద, మూరెడు ఎత్తులో ఉంటుంది. అంతస్తులుగా పేర్చిన చిన్న చెక్క మండపం, ప్రతి అంతస్తులో వేలెడంత బొమ్మలు, అడుగున నాలుగు కొవ్వొత్తులు, నెత్తిన ఏటవాలు రెక్కల పంకా. కొవ్వొత్తులు వెలిగిస్తే కాసేపు ఏమీ జరగదు. వేడిగాలి పైకి లేచి రెక్కలకు తగిలాక పంకా బద్ధకంగా కదులుతుంది. ఇరుసుతో పాటు దేవదూతలూ, గొర్రెల కాపరులూ, గని కార్మికులూ చుట్టూ తిరగడం మొదలుపెడతారు. చప్పుడుండదు, గోడ మీద నీడలు మాత్రం తిరుగుతుంటాయి.

గని కార్మికులు ఎందుకంటే, ఇవి చెక్కేది ఎర్జ్‌గెబిర్గె కొండల వాళ్లు. ఆ పేరుకు ఖనిజపు కొండలని అర్థం. వెండి, తగరం గనులు అడుగంటాక ఆ కుటుంబాలు చెక్క చెక్కి బతికాయి. పొగ తాగే తాత బొమ్మ కూడా వాళ్లదే. బొమ్మను నడుము దగ్గర విడదీసి, లోపల సాంబ్రాణి ముక్క వెలిగించి పెట్టి, మళ్లీ మూస్తే నోట్లోంచి పొగ వస్తుంది. సాంబ్రాణి మనకు కొత్త కాదు కానీ, దాన్ని చుట్ట కాల్చే తాతకిచ్చిన వాళ్లు వీళ్లే. చేతిపనిది కావాలంటే ధర ఎక్కువే. చవగ్గా కనిపిస్తే ఎక్కడ తయారైందో తిరగేసి చూడండి.

బాల్కనీలో బంగారు జుట్టు

న్యూరెంబర్గ్ సంతకు రుజువు 1628 నాటి ఒక చెక్కపెట్టె. ఆ సంతలో కొన్న కానుకని దాని మీదే రాసి ఉంది. మొదటి అడ్వెంట్ ఆదివారానికి ముందరి శుక్రవారం సాయంత్రం, బంగారు జుట్టు, కిరీటం పెట్టుకున్న అమ్మాయి చర్చి బాల్కనీలోకి వచ్చి సంతను ప్రారంభిస్తుంది. ఆమెను క్రిస్ట్‌కిండ్ అంటారు. రెండేళ్లకోసారి ఎన్నిక. వయసు పదహారు నుంచి పంతొమ్మిది, ఎత్తు కనీసం 160 సెంటీమీటర్లు, పైగా ఎత్తైన చోట కళ్లు తిరగకూడదు. 2019లో ఎన్నికైన బెనిగ్నా మున్సీ తండ్రి భారతీయుడు. ఆమె రూపాన్ని ఎద్దేవా చేస్తూ ఒక రాజకీయ పార్టీ స్థానిక శాఖ ఏదో రాస్తే, నగరమంతా ఆమె పక్షాన నిలబడింది.

ఇక్కడి లెబ్‌కూఖెన్ బిళ్లలకూ మనకూ బంధుత్వం ఉంది. దాల్చినచెక్క, లవంగం, యాలకులు, జాజికాయ పడే ఈ తీపిని పాత జర్మన్‌లో మిరియాల కేకు అనేవాళ్లు. దాంట్లో మిరియాలుండాలని లేదు. దూరదేశపు సుగంధ ద్రవ్యాలన్నిటినీ వాళ్లు మిరియాలనే పిలిచేవారు. వెనిస్ నుంచి వచ్చే ఆ సరుకు మార్గంలో న్యూరెంబర్గ్ పెద్ద మజిలీ. ఎలీజెన్ రకం అడగండి. అందులో పిండి పది శాతం మించకూడదు, గింజపప్పులు పాతిక శాతం తగ్గకూడదు. శాకాహారులు గుడ్డు ఉందేమో కనుక్కోవాలి. ఈ ఊరి సాసేజిలు వేలెడంతే, రొట్టెలో మూడేసి పెట్టిస్తారు. అవి ముట్టనివాళ్లకు కాల్చిన చెస్ట్‌నట్‌లు, చక్కెర పాకం పట్టిన బాదం పప్పులున్నాయి.

మరికొన్ని గొప్పలు

డార్ట్‌మండ్ చెట్టు 45 మీటర్లు. ప్రపంచంలోనే పెద్దదంటారు. అది ఒక చెట్టు కాదు. ఇనుప చట్రానికి వెయ్యికి పైగా చెట్లు గుచ్చి నిలబెట్టిన గోపురం. ఫొటో చాలు.

గెంగెన్‌బాఖ్ మాత్రం దారి మళ్లి వెళ్లదగ్గది. అక్కడి నగరసభ భవనానికి రెండు వరసల్లో పదకొండేసి, కప్పు మీద మరో రెండు, మొత్తం ఇరవై నాలుగు కిటికీలు. క్రిస్మస్ దాకా ఇరవై నాలుగు రోజులు లెక్కపెట్టే అడ్వెంట్ కేలెండరుకు అచ్చంగా సరిపోయాయి. 1996 నుంచి సాయంత్రానికో కిటికీ తెరిచి బొమ్మ చూపిస్తున్నారు. ఉన్నదాన్ని చూసి పండగ చేసుకోవడమంటే ఇదీ. అక్కడికి దగ్గర్లోనే ఫ్రాన్సు వైపు స్ట్రాస్‌బూర్గ్, 1570 నాటి సంత. శని ఆదివారాల్లో మాత్రం అడుగు వేయలేం.

చలికి జంకేవాళ్లకు నెదర్లాండ్స్‌లోని వాల్కెన్‌బర్గ్ ఉంది. సంత గుహల్లో జరుగుతుంది, లోపల ఎప్పుడూ పన్నెండు డిగ్రీలే. బ్లాక్ ఫారెస్ట్‌లో రావెన్నా లోయ సంత రైలు వంతెన కమానుల కింద పెడతారు. వారాంతాల్లోనే, అదీ ముందుగా టికెట్ కొన్నవాళ్లకే.

జనం ఎక్కువై మూతపడిన సంత కూడా ఒకటుంది. ఇంగ్లండ్‌లోని లింకన్‌లో 1982లో మొదలైంది. 2022లో నాలుగు రోజుల్లో మూడు లక్షల ఇరవై వేల మంది వచ్చారు. ఇంత తొక్కిడి భరించలేమని నగరసభ ఆ తర్వాత దాన్ని ఎత్తేసింది.

గ్లాసుకు డిపాజిట్, దారికి దిమ్మెలు

సంతలో వేడి వైన్‌ను పింగాణీ కప్పులో పోసిస్తారు. దాని పేరు గ్లూవైన్. బిల్లు చూసి ఉలిక్కిపడకండి. అందులో మూడు నాలుగు యూరోలు కప్పు డిపాజిట్. మన కిరాణా కొట్లో కూల్‌డ్రింక్ సీసాకు కట్టించుకున్నట్టే, కప్పు ఇస్తే డబ్బు తిరిగిస్తారు. చాలా ఊళ్లు ఏటా కొత్త బొమ్మతో కప్పు దించుతాయి కాబట్టి, ఇవ్వకుండా ఇంటికి తెచ్చుకుంటే అదే చవకైన జ్ఞాపకం. మద్యం వద్దనేవాళ్లు కిండర్‌పున్ష్ అడగాలి. చాలా కొట్లలో కార్డు చెల్లదు, చిల్లర ఉంచుకోండి. బూట్ల అడుగు మందంగా ఉండాలి. చలి ఎక్కేది గాల్లోంచి కాదు, రాళ్ల నేలలోంచి. 2016లో బెర్లిన్, 2024లో మాగ్డెబుర్గ్ సంతల మీదికి వాహనాలు నడిపి జనాన్ని చంపాక, దారుల్లో కాంక్రీటు దిమ్మెలు, సంచుల తనిఖీలు మామూలయ్యాయి. పెద్ద సంచి హోటల్లోనే వదలండి.

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం 2024 జనవరిలో మొదలైంది. అక్కడ దిగి, న్యూరెంబర్గ్, లైప్‌జిగ్, డ్రెస్డెన్, బౌట్సెన్ వరసగా రైల్లో చుట్టేస్తే వారం చాలు. తేదీల దగ్గరే చాలామంది బోల్తా పడతారు. మొదటి అడ్వెంట్ అంటే డిసెంబరు 25కు ముందు నాలుగో ఆదివారం. 2022లో అది నవంబరు 27న వచ్చింది, 2023లో డిసెంబరు 3న. అంటే సంత కాలం ఏటా ఒకే పొడుగుండదు. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా చేయాలి. ముప్పై వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. కాబట్టి క్రిస్మస్ ప్రయాణానికి కాగితాలు ఏరువాక నాటికే తీయండి. ఇంకో మాట. న్యూరెంబర్గ్, డ్రెస్డెన్ సంతలు 24 మధ్యాహ్నమే కట్టేస్తారు. పండగ రోజే చూద్దామని 25న దిగితే అక్కడ ఉండేది మూసిన చెక్క తలుపులే.