కొండపల్లి కోటగోడ, దాని గుమ్మాలు



కొండపల్లి ఖిల్లాకు వెళ్ళినవారిలో ఎక్కువమంది ఫొటోలు దిగి, బొమ్మలు కొనుక్కుని వచ్చేస్తారు. ఈసారి ఆగిరిపల్లి, నూజివీడు సంఘాల యౌవనస్థులు వెళ్తే, గోడ దగ్గర కాసేపు ఆగమని మా మనవి.

ఒకప్పుడు అది సరిహద్దు గోడ. 14వ శతాబ్దంలో రెడ్డి రాజుల కాలంలో లేచింది. తరువాత గజపతులకు, 16వ శతాబ్దం మొదట్లో శ్రీకృష్ణదేవరాయలకు, ఆపై గోల్కొండ సుల్తానులకు, మొగలులకు, నిజాముకు, 1766లో ఇంగ్లీషు కంపెనీకి చిక్కింది. ఏ శత్రువు రాకూడదని కాపు కాశారో, కొన్నాళ్ళకు ఆ శత్రువే లోపల నిలబడి కాపు కాశాడు. గోడకు అదేమీ పట్టలేదు.

మాకు గోడకంటే ద్వారాల మీదే ఆసక్తి. ఒకటి దర్గా దర్వాజా, ఇంకొకటి గోల్కొండ దర్వాజా. నెహెమ్యా 3వ అధ్యాయం చూడండి. యెరూషలేము గోడ కట్టిన సంగతి చెబుతూనే గొఱ్ఱెల గుమ్మము, మత్స్యపు గుమ్మము అని పేరుపేరునా చెబుతుంది. గొఱ్ఱెలూ చేపలూ రాకపోతే పట్టణం బ్రతికేదెట్లా?

అపొస్తలుల కార్యములలో మనకు కనబడే రోమా ప్రభుత్వమూ ఈ సంగతి ఎరుగును. క్రీ.శ. 122లో హేడ్రియన్ చక్రవర్తి బ్రిటన్ ఉత్తరాన, ఒక తీరం నుండి మరో తీరం దాకా, సుమారు 117 కిలోమీటర్ల గోడ కట్టడం మొదలుపెట్టించాడు. దాని పొడవునా రోమా మైలుకొక చిన్న కోట, కోటకొక ద్వారం. తరువాతి కాలంలో ఆ రాళ్ళు చాలావరకు రైతుల ఇళ్ళకూ రోడ్లకూ పోయాయి.

ఆ గోడ తూర్పు కొసకు సమీపాన, సౌత్ షీల్డ్స్‌లో ఒక సమాధిరాయి దొరికింది. సిరియాలోని పల్మైరా నుండి వచ్చిన బరాతెస్ తన భార్య రెజీనాకు వేయించినది. ఆమె బ్రిటన్ స్త్రీ, అతడు దాస్యం నుండి విడిపించి పెండ్లాడినది. ముప్పై ఏళ్ళకే చనిపోయింది. రాతంతా లాటిన్‌లో ఉంది. చివరి పంక్తి మాత్రం అతని సొంత భాషలో, అంటే మన ప్రభువు మాట్లాడిన అరామిక్‌కు చెందిన ఒక మాండలికంలో ఉంది. దుఃఖం వచ్చినప్పుడు మనిషికి తల్లి భాషే గదా! మనుషులను వేరుచేయడానికి కట్టిన గోడ చెంతనే ఆ ఇద్దరూ ఒక ఇంటివారయ్యారు.

మామిడి కాపు డబ్బు చేతికి వచ్చాక మన ప్రాంతపు సంఘాలలో ప్రహరీల మాట వినబడుతుంది. అందులో తప్పులేదు. సమాధుల తోటలోకి పశువులు రాకూడదు, స్థలం ఆక్రమణకు గురికాకూడదు. అయితే ఒకే సమాధుల తోట మధ్యలో, ఒకే ప్రభువు బల్లలో పాలుపొందేవారిని కులాన్ని బట్టి విడదీస్తూ లేచే గోడ సంగతి వేరు. అలాంటి గోడకు మీ ఊళ్ళో చందా వసూలు చేస్తుంటే, గుమ్మం ఎక్కడ పెడుతున్నారో అడగండి. మేస్త్రీని కాదు, సంఘ పెద్దలను.