మధుమేహంలో ఏరోబిక్ వ్యాయామం - కండర జీవక్రియ: కృష్ణా డెల్టా నేపథ్యం

ఉపోద్ఘాతం:

విజయవాడలో తెల్లవారకముందే కాలువ గట్ల వెంట, కళాశాల మైదానాల్లో నడిచేవారు కనిపిస్తారు. వారిలో చాలామందిని అక్కడికి పంపింది వైద్యుడు చెప్పిన ఒక్క మాట: “షుగరు వచ్చింది, రోజూ నడవండి.” భారత వైద్య పరిశోధన మండలి ఇండియాబ్ అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో మధుమేహ బాధితులు 10.1 కోట్లు. నడవాలన్న సలహా అందరికీ చేరింది గాని, కారణం మాత్రం “నడిస్తే చక్కెర కరుగుతుంది” అన్న వాడుక మాట దగ్గరే ఆగిపోయింది. నిజానికి చక్కెర కరగదు, కండరంలోకి చేరుతుంది. ఈ తేడా తెలియకనే ఆదివారం రెండు గంటలు నడిచి, తక్కిన ఆరు రోజులూ ఊరుకునేవారు ఉన్నారు.

నడకను చికిత్సగా చెప్పడం కొత్త కాదు. ప్రమేహరోగి నిర్ధనుడైతే చెప్పులు, గొడుగు లేకుండా నూరు యోజనాలు నడవాలనీ, లేదా బావి తవ్వాలనీ సుశ్రుతసంహిత చికిత్సాస్థానం విధించింది. ఇందులో శ్రమ గురించిన భాగాన్ని నేటి వైద్యం సమర్థిస్తుంది. చెప్పులు లేని నడకను మాత్రం గట్టిగా వారిస్తుంది. మధుమేహంలో పాదాల స్పర్శజ్ఞానం తగ్గి, గాయమైనా తెలియకపోవచ్చు.

కండరంలో జరిగే మార్పు:

భోజనానంతరం ఇన్సులిన్ ప్రభావంతో రక్తం నుంచి తొలగే గ్లూకోజులో అధికభాగాన్ని స్వీకరించేది అస్థికండరమే. ఇన్సులిన్ సంకేతం అందగానే కణం లోపల ఉన్న గ్లూట్-4 అనే వాహక ప్రోటీన్లు కణత్వచం మీదికి వచ్చి గ్లూకోజును లోపలికి చేరవేస్తాయి. రెండో రకం మధుమేహంలో ఇన్సులిన్ ఉన్నా ఈ సంకేతం మందగిస్తుంది. గ్లూకోజు రక్తంలోనే నిలిచిపోతుంది.

వ్యాయామం ఇక్కడ వేరే దారి పడుతుంది. ఈ దారిని అర్థం చేసుకోవడానికి భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనను స్మరించాలి. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏ.టి.పి.ని 1929లో ప్రకటించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది ఏ.టి.పి.ని స్వతంత్రంగా గుర్తించాడు. కండరం సంకోచించినప్పుడు ఖర్చయ్యేది ఈ ఏ.టి.పి.యే. మొదటి కొన్ని క్షణాలు ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని భర్తీ చేస్తుంది. నడక సాగేకొద్దీ ప్రాణవాయువు సాయంతో గ్లూకోజు, కొవ్వు ఆ పనికి పూనుకుంటాయి. ఏరోబిక్ వ్యాయామం అనే పేరుకు కారణం ఇదే. ఏ.టి.పి. ఖర్చవుతుంటే కణంలో ఏ.ఎం.పి. పెరుగుతుంది. దాన్ని పసిగట్టిన ఏ.ఎం.పి. కైనేజ్ అనే ఎంజైము, సంకోచంలో విడుదలయ్యే కాల్షియం కలిసి గ్లూట్-4ను త్వచం మీదికి రప్పిస్తాయి. ఇందుకు ఇన్సులిన్ సంకేతం అక్కర లేదు. వీధి తలుపు గడియ పడినా పెరటి తలుపు తెరుచుకున్నట్టు, రెండో రకం మధుమేహంలో కూడా ఈ మార్గం చాలావరకు చెడకుండా పనిచేస్తుంది.

నడక ఆపిన తరువాత కూడా ఇన్సులిన్‌కు కండరం బాగా స్పందించే స్థితి సుమారు 24 నుంచి 72 గంటలు నిలుస్తుంది. ఆపైన సన్నగిల్లుతుంది. వారానికి కనీసం 150 నిమిషాలు నడవాలనీ, వరుసగా రెండు రోజులకు మించి విరామం ఇవ్వరాదనీ అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పడానికి ఇదొక ముఖ్యకారణం. వారాల తరబడి సాగిన అభ్యాసం కండరంలో మైటోకాండ్రియాను, సూక్ష్మరక్తనాళాలను పెంచుతుంది. కొవ్వును ఇంధనంగా వాడే శక్తి మెరుగవుతుంది.

డెల్టా జీవనం:

1855లో పూర్తయిన ఆనకట్ట కృష్ణా డెల్టాను వరిసీమగా మార్చింది. మూడుపూటలా అన్నం తిన్న రైతుకూలీ నారు పీకడం, నాట్లు, కోత, మోత, నూర్పిళ్లతో ఆ గ్లూకోజును కండరంలోనే ఖర్చు చేసేవాడు. ట్రాక్టరు, కోతయంత్రం వచ్చాక శ్రమ తగ్గింది గాని కంచంలో అన్నం అంతగా తగ్గలేదు. తెల్లబియ్యాన్ని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టే ప్రచారం ఈ రెండో సగాన్ని విస్మరిస్తోంది. భోజనం ముగిశాక పదిహేను నిమిషాల నడక కూడా ఆ పూట చక్కెర పెరుగుదలను తగ్గిస్తుంది. మే నెలలో విజయవాడ ఎండకు వెరచే వారికి రాత్రి భోజనం తరువాతి నడక అనువైనది. ఇన్సులిన్ గాని, సల్ఫోనైల్‌యూరియా మందులు గాని వాడేవారు చక్కెర మరీ పడిపోయే ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకుని, వైద్యుని సలహాతో నడవాలి. జేబులో కొంత చక్కెర ఉంచుకోవాలి.

“ఇంట్లో రోజంతా పనిచేస్తూనే ఉన్నాం కదా, ఇంకా నడకెందుకు?” అని గృహిణులు అడగడం సహజం. ఇంటిపని నిరుపయోగం కాదు. కదలకుండా కూర్చోవడం కంటె అది ఎంతో మేలు. అయితే అందులో ఎక్కువభాగం వంటగదికీ వసారాకీ మధ్య ఆగి ఆగి జరిగేది. ఏరోబిక్ ప్రయోజనం పూర్తిగా దక్కాలంటే పెద్ద కండరాలు తగినంత వేగంతో పనిచేయాలి. ఆ వేగాన్ని తెలుసుకోవడానికి పరికరం అవసరం లేదు: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడడం మాత్రం కష్టమనిపించాలి.