స్థూలకాయ ఔషధాల దుష్ప్రభావాలు: ఏలూరు, కొల్లేరు ప్రాంత జీవన నేపథ్యంలో ఒక పరిశీలన

బరువు తగ్గించే మందుల గతచరిత్ర అంత నమ్మదగినది కాదు. గుండె కవాటాలను దెబ్బతీస్తున్నందున ఫెన్‌ఫ్లురమిన్‌ను 1997లో అమెరికా విపణి నుండి ఉపసంహరించారు. సిబుట్రమిన్‌ను భారతదేశం 2011లో నిషేధించింది. 2025లో మన దేశంలోకి మౌంజారో పేరుతో వచ్చిన టిర్జెపటైడ్, వెగోవీ పేరుతో వచ్చిన సెమాగ్లుటైడ్ సూదిమందులు ఆ కోవకు చెందినవి కావు. ఇవి పేగుల్లో సహజంగా పుట్టే హార్మోన్లను అనుకరించి ఆకలిని తగ్గిస్తాయి. జీర్ణకోశం ఖాళీ అయ్యే వేగాన్ని మందగింపజేస్తాయి. వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం ప్రధానంగా ఈ చర్యకు అనుబంధంగా వచ్చేవే. 2021లో ప్రచురితమైన, 1961 మందిపై జరిగిన ఒక పరీక్షలో సెమాగ్లుటైడ్ పొందినవారిలో 74 శాతం మందికి, ఉత్తుత్తి మందు పొందినవారిలో 48 శాతం మందికి జీర్ణసంబంధమైన ఇబ్బందులు కలిగాయి. వాటివల్ల మందు మానినవారు మాత్రం 4.5 శాతమే.

అయితే ఈ అంకెలను ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాలకు అన్వయించేటప్పుడు ఇక్కడి ఎండను, పనిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రోహిణీకార్తెలో కొల్లేటి చేపల చెరువుల గట్లపై పనిచేసే వ్యక్తికి రెండు రోజుల వాంతులు, విరేచనాలు చిన్న విషయం కావు. ఒంట్లోని నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ.

మధుమేహులకు మరో చిక్కు ఉన్నది. ఈ సూదిమందులు ఒంటరిగా రక్తంలో చక్కెరను ప్రమాదకర స్థాయికి దించడం అరుదు. గ్లిమిపిరైడ్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ తోడైతే, పైగా ఆకలి లేక తిండి తగ్గితే, చక్కెర పడిపోతుంది. అప్పుడు కనిపించే చెమట, వణుకు, కళ్లు తిరగడం వంటివాటిని వేసవిలో వడదెబ్బగా పొరబడే అవకాశం ఉన్నది. నీడకు చేర్చి ఉప్పు మజ్జిగ ఇస్తే సరిపోదు. స్పృహలో ఉన్నవారికి వెంటనే చక్కెర నీళ్లు ఇవ్వాలి, స్పృహ లేనివారి నోట ఏమీ పోయక ఆసుపత్రికి తరలించాలి. అందుకే సూది మొదలుపెట్టేటప్పుడే పాత మందుల మోతాదును వైద్యుడు సరిచూడాలి.

అరుదైనవే అయినా క్లోమగ్రంథి వాపు, పిత్తాశయంలో రాళ్లు ఉపేక్షించదగినవి కావు. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పిని ‘గ్యాస్’ అనుకొని సొంత వైద్యంతో కాలం గడపరాదు. గర్భం ధరించదలచిన స్త్రీలు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే మానాలి.

తగ్గే బరువంతా కొవ్వే కాదు, కొంత కండ కూడా. తిండి సగానికి తగ్గినప్పుడు విస్తరిలో తగ్గవలసినది అన్నమే గాని శీలావతి, బొచ్చె ముక్కలూ పప్పూ కావు.