కేసు ఒక్కరిది, బాకీ అందరిదీ

హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడలో బండ్ల విడిభాగాలు చేసే ఒక మోస్తరు కంపెనీ ఉందనుకుందాం. దానికి లేత్ పని చేసిపెట్టే షెడ్డు ఆయనకు 40 లక్షలు రావాలి. అట్టపెట్టెలు పంపే ఆయనకు 30 లక్షలు, లారీల ఆయనకు 25 లక్షలు, కూలీలను పెట్టే కాంట్రాక్టరుకు 20 లక్షలు. ఆరు నెలలుగా ఎవరికీ పైసా అందలేదు. నలుగురూ టీకొట్టు దగ్గర లెక్క కూడితే 1 కోటి 15 లక్షలు తేలింది. ‘విడివిడిగా ఎందుకు, కలిసి ఒకే దివాలా కేసు వేద్దాం. లాయరు ఖర్చూ తగ్గుతుంది’ అన్నారు ఒకరు.

మాట సబబుగానే ఉంది. చట్టం మాత్రం ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోదో, మరి ఎక్కడ కలవనిస్తుందో తెలిస్తే ఈ నలుగురికీ సగం దిగులు తీరుతుంది.

2016లో వచ్చిన దివాలా చట్టం అప్పులవాళ్లను రెండు తరగతులుగా చూస్తుంది. డబ్బు అప్పిచ్చిన బ్యాంకుల వంటివి ఒక తరగతి. సరుకో సేవో ఇచ్చి బిల్లు కోసం ఎదురుచూసేవాళ్లు రెండో తరగతి. వీరిని ఆపరేషనల్ క్రెడిటర్లు అంటారు. మన నలుగురూ ఈ రెండో తరగతివాళ్లే.

బ్యాంకులు ఒంటరిగానైనా, కలిసైనా కేసు వేయవచ్చని 7వ సెక్షన్ చెబుతోంది. ఇంకో బ్యాంకుకు ఎగ్గొట్టినదాన్ని చూపించి కూడా ఒక బ్యాంకు కేసు వేయవచ్చు. సరుకు ఇచ్చినవాళ్ల 9వ సెక్షన్‌లో అలాంటి మాట లేదు. ఇద్దరు ముగ్గురు సరఫరాదారులు కలిసి ఒకే నోటీసు, ఒకే పిటిషన్ వేస్తే చెల్లదని అప్పీలు ట్రిబ్యునల్ 2017 జూలైలో ఉత్తమ్ గాల్వా స్టీల్స్ కేసులో తేల్చింది.

కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. 9వ సెక్షన్ కింద కేసు వేసేముందు కంపెనీకి డిమాండ్ నోటీసు ఇవ్వాలి. జవాబుకు 10 రోజులు గడువు. ‘నీ సరుకులో లోపముందని అప్పుడే చెప్పాం కదా’ అని కంపెనీ పాత ఉత్తరం చూపిస్తే, ఆ వివాదం ఉత్తుత్తిది కాకపోతే, పిటిషన్ అక్కడే ఆగిపోతుంది. లేత్ షెడ్డు నుంచి వెళ్లిన పీసుల్లో కొన్ని ‘రిజెక్ట్’ చీటీతో వెనక్కి వచ్చి ఉండవచ్చు. అట్టపెట్టెల మీద ఏ పేచీ లేకపోవచ్చు. ఎవరి చలాన్ వారిది, ఎవరి తగాదా వారిది. ఒకరి పేచీ ఇంకొకరి మెడకు చుట్టుకోకూడదనే ఈ ఏర్పాటు. ఒకే వ్యాపారి తన పది బిల్లులు కూడి చూపించుకోవచ్చు గానీ, పక్కవాడి బిల్లు అందులో కలపకూడదు.

ఇక్కడే అసలు ఇబ్బంది. 2020 మార్చి 24 నుంచి దివాలా కేసుకు కనీస బాకీ లక్ష నుంచి కోటి రూపాయలకు పెరిగింది. మన నలుగురిలో ఒక్కరికీ కోటి లేదు. కాబట్టి వీరికి ఆ తలుపు మూసినట్టే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న షెడ్డయితే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటితే, రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడిగే హక్కు అక్కడ ఉంది.

కార్మికులకు మాత్రం మినహాయింపు దొరికింది. కాన్పూరు జేకే జూట్ మిల్లు కేసులో 2019 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, జీతాల బాకీ కోసం కార్మిక సంఘం అందరి తరఫునా ఒకే పిటిషన్ వేయవచ్చని చెప్పింది. ఒక్కొక్క కార్మికుడూ ఖర్చు పెట్టుకుని రావాలనడం అన్యాయమని కోర్టు భావించింది. ఇళ్లు కొన్నవాళ్ల సంగతి దీనికి తలకిందులు. ఒక ప్రాజెక్టులో కనీసం 100 మందో, పదోవంతు మందో, ఏది తక్కువైతే అంతమంది కలిస్తేనే కేసు.

అవతలి పక్షంలో ఇద్దరిని చేర్చవచ్చా? ఆర్డరు ఒక కంపెనీ ఇచ్చి, బిల్లు దాని సోదర కంపెనీ పేర రాయించుకోవడం మామూలే. రెండూ ఒకే యజమానివైనా చట్టం దృష్టిలో వేరు మనుషులు. అందుకే బిల్లు ఎవరి పేర ఉందో ముందు చూసుకోవాలి. అయితే హామీ ఇచ్చిన కంపెనీ సంగతి వేరు. అప్పు తీసుకున్న కంపెనీ మీద, హామీ ఇచ్చిన కంపెనీ మీద బ్యాంకు ఏకకాలంలో వేర్వేరు కేసులు నడపవచ్చని హైదరాబాదు ఎథీనా ఎనర్జీ కేసులో అప్పీలు ట్రిబ్యునల్ 2020లో అంది. 2024లో సుప్రీంకోర్టు కూడా ఆ దారే బలపరిచింది. ఒక గ్రూపు కంపెనీలన్నిటినీ కలిపి విచారించడమూ లేకపోలేదు. వీడియోకాన్ గ్రూపులో 15 కంపెనీల్లో 13ను ముంబై ట్రిబ్యునల్ 2019లో ఒకే తాటికి కట్టింది.

హోసూరువాళ్లకు మరో చిక్కు ఉంది. కేసు ఎక్కడ వేయాలన్నది ఫ్యాక్టరీని బట్టి కాదు, రిజిస్టర్డ్ ఆఫీసును బట్టి. షెడ్డు సిప్కాట్‌లో ఉన్నా, ఆఫీసు చిరునామా బెంగళూరులో ఉంటే దివాలా కేసులు వినే ట్రిబ్యునల్ బెంగళూరు బెంచికి పోవాలి. అది 40 కిలోమీటర్లు. ఆఫీసు హోసూరులోనో కృష్ణగిరిలోనో ఉంటే చెన్నై బెంచి, సుమారు 300 కిలోమీటర్లు.

ఇక కేసు ట్రిబ్యునల్ స్వీకరించిన రోజు నుంచి కథ మారిపోతుంది. అప్పటిదాకా అది వేసినవాడికీ కంపెనీకీ మధ్య వ్యవహారం. మూడోవాడు వచ్చి నన్నూ కలపండంటే సాధారణంగా కలపరు. స్వీకరించాక అది బాకీ రావాల్సినవాళ్లందరిదీ. బెంగళూరు బైజూస్ కేసే దీనికి సాక్ష్యం. సుమారు 158 కోట్ల బాకీ కోసం క్రికెట్ బోర్డు వేసిన పిటిషన్‌ను 2024 జూలై 16న ట్రిబ్యునల్ స్వీకరించింది. తర్వాత ఇద్దరూ రాజీపడితే చెన్నై అప్పీలు బెంచి సరేనని కేసు మూసేసింది. విదేశీ అప్పులవాళ్ల తరఫున గ్లాస్ ట్రస్ట్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. స్వీకరించాక చట్టం చెప్పిన పద్ధతిలోనే కేసు వెనక్కి తీసుకోవాలి తప్ప, ఇద్దరు చేతులు కలుపుకుని వెళ్లిపోతే కుదరదన్నది దాని సారం.

మన నలుగురికి పనికొచ్చేది ఈ మలుపే. ఏ బ్యాంకో కేసు వేసి అది స్వీకారమైతే, కోటి నియమం వీరికిక అడ్డురాదు. పదివేల బాకీ రావాల్సినవాడు కూడా క్లెయిమ్ వేయవచ్చు. సరుకు ఇచ్చినవాళ్లకు ఫారం ‘బి’, కార్మికులకు ‘డి’. ఓటు మాత్రం ప్రధానంగా బ్యాంకులదే. ఈలోగా కంపెనీ మీద కృష్ణగిరి కోర్టులో నడుస్తున్న దావాలు ఆగిపోతాయి. చెక్కు బౌన్సు కేసు కంపెనీ మీద ఆగినా, డైరెక్టర్ల మీద సాగుతుందని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

క్లెయిమ్ వేయకుండా ఊరుకున్నవాడి గతి? కంపెనీని కొత్త యజమానికి అప్పగించే ప్రణాళిక ఆమోదం పొందితే, అందులో లేని పాత బాకీలు రద్దయినట్టేనని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఘనశ్యామ్ మిశ్రా కేసులో తేల్చింది.

క్లెయిములకు ఇచ్చే గడువు దాదాపు రెండు వారాలు. క్లెయిములు పిలిచే ప్రకటన ఒక ఇంగ్లీషు పేపర్లో, ఒక ప్రాంతీయ భాషా పేపర్లో పడుతుంది. ఆఫీసు బెంగళూరులో ఉంటే కన్నడ పేపరు, చెన్నైలో ఉంటే తమిళ పేపరు. ఇంట్లో తెలుగు పేపరు వేయించుకునే లేత్ షెడ్డు ఆయన కంటికి అది ఆనే అవకాశం తక్కువ. దివాలా బోర్డు వెబ్‌సైటులో అవే ప్రకటనలు ఉంటాయి. బాకీ పడిన కంపెనీ పేరు వారానికోసారి అక్కడ వెతకడానికి రుసుమూ లేదు, లాయరూ అక్కర్లేదు. నలుగురూ వంతులేసుకుని ఆ పని చేస్తే, టీకొట్టు దగ్గర అనుకున్న కలయికకు అదే సరైన చోటు.